తప్పించుకునే క్రియలు

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో ఆంగ్లం బోధించే ఉపాధ్యాయుడు రోజూ చేసే పనుల్లో ఒకటి, పాఠంలో వచ్చిన కొత్త పదానికి నల్లబల్ల మీద ఎదురుగా ఒక తెలుగు మాట రాయడం. వస్తువుల పేర్ల విషయంలో ఈ పద్ధతి చక్కగా సాగుతుంది, గుణాలను తెలిపే మాటల విషయంలో కొంత తడబడుతుంది, క్రియల దగ్గరకు వచ్చేసరికి, అందులోనూ దూరంగా ఉండడాన్ని, జారిపోవడాన్ని, చుట్టు తిరిగి పోవడాన్ని తెలిపే క్రియల దగ్గరకు వచ్చేసరికి, పూర్తిగా చేతులెత్తేస్తుంది. అవాయిడ్, ఎవేడ్, ఎల్యూడ్, ఎస్కేప్, డాడ్జ్, షర్క్, సర్కంవెంట్, బైపాస్ అనే ఎనిమిదింటికీ నోటుపుస్తకంలో 'తప్పించుకొను' అన్న ఒకే అర్థం చేరుతుంది. ఆ పుస్తకం చూసి చదువుకున్న విద్యార్థి పోలీసులను 'షర్క్' చేసిన దొంగ గురించీ, పన్నును 'ఎల్యూడ్' చేసిన వ్యాపారి గురించీ వాక్యాలు రాస్తాడు. ఆ వాక్యాల్లో కర్త, కర్మ, క్రియ అన్నీ ఉండవలసిన చోటనే ఉంటాయి, అయినా ఆంగ్లం మాట్లాడేవారు ఎవరూ అలా అనరు.

ఈ లోపం విద్యార్థిది కాదు, మాటకు మాట చొప్పున అర్థం కట్టే పద్ధతిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లోకి 2020–21 విద్యాసంవత్సరం నుంచి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు, అంటే ఒక పుటలో ఆంగ్లపాఠం, దానికి ఎదురు పుటలో అదే పాఠం తెలుగులో ఉండే పుస్తకాలు, ఈ విషయంలో ఒక మేలు చేశాయి. వాటిలో పదం ఎదుట పదం కాక వాక్యం ఎదుట వాక్యం కనిపిస్తుంది గనుక, ఏ సందర్భంలో ఏ క్రియ వచ్చిందో గమనించే అవకాశం పిల్లలకు దొరికింది. అయితే ఆ అవకాశాన్ని వాడుకోవాలంటే ముందుగా ఉపాధ్యాయుడికి ఒక సంగతి స్పష్టంగా తెలిసి ఉండాలి: ఈ క్రియలను వేరుచేసేది 'దొరకకపోవడం' అనే ఫలితం కాదు, ఆ ఫలితానికి ముందున్న పరిస్థితి. వెంటపడుతున్నవాడు ఒకడున్నాడా, తీర్చవలసిన బాధ్యత ఏదైనా మీద ఉందా, పక్కకు తొలగిన దారి అందరికీ తెరిచి ఉన్నదా లేక దొంగదారా అనే ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఆంగ్లం తన క్రియను ఎంచుకుంటుంది.

తెలుగుకు ఈ వివేచన కొత్తది కాదు. 'తప్పు' అనే ఒక్క ధాతువు నుంచే భాష ఎన్ని భేదాలు రాబట్టిందో చూడవచ్చు. బండి వస్తుంటే దారిలోంచి మనిషి తప్పుకుంటాడు, ఎన్నికల బరిలోంచి అభ్యర్థి తప్పుకుంటాడు, అధికారిని పదవి నుంచి పైవారు తప్పిస్తారు, మీదికి రాబోయిన ఆపదను మనిషి తప్పించుకుంటాడు. క్రియ చివర చేరే 'కొను', దాని ఫలం చేసినవాడికే చెందుతుందని తెలిపే ఆత్మార్థక ప్రత్యయం, ఇక్కడ చేసే పని చిన్నది కాదు: అది ఉన్నచోట స్వార్థమో స్వరక్షణో ఉంటుంది, లేనిచోట ఇతరుల చేయి ఉంటుంది. దీనికి తోడు జాతీయాలు ఉన్నాయి. అప్పిచ్చినవాడికి ముఖం చాటేయడం వేరు, అప్పు ఎగ్గొట్టడం వేరు. మొదటిదానిలో సిగ్గు మిగిలి ఉంటుంది, రెండోదానిలో అదీ ఉండదు. కాపలావాడి కళ్లుగప్పడం, అడిగిన ప్రశ్నను దాటవేయడం, పంచాయతీ సాగుతుండగా మెల్లగా జారుకోవడం, పని దగ్గర ఒళ్లు దాచుకోవడం, ఇవన్నీ పశ్చిమ ప్రకాశమనే ఈ ప్రాంతంలోని ఏ రచ్చబండ దగ్గరైనా నిత్యం వినిపించే మాటలే, ఒకదాని స్థానంలో మరొకటి వాడితే పదేళ్ల పిల్లవాడు కూడా సరిదిద్దగలిగినవే.

వీటిలో 'ఒళ్లు దాచుకొను' అనే మాట ఆంగ్ల బోధనకు ఎంత ఉపకరిస్తుందో గుర్తించినవారు తక్కువ. 'షర్క్' అనే క్రియకు నిఘంటువులు 'బాధ్యత నుంచి తప్పించుకొను' అని అర్థం చెబుతాయి, అది తప్పు కాదు గాని చాలదు. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి గనుల్లో బండను ఉలితో పొరలు పొరలుగా చీల్చి, సమంగా కోసి, పలకలు తీసే పని జట్టుగా సాగుతుంది. ఆ జట్టులో ఒకడు ఒళ్లు దాచుకుంటే పని ఆగదు, అతడి వంతు బరువు పక్కవాడి మీద పడుతుంది. 'షర్క్' అనే క్రియలో ఉన్న నింద సరిగ్గా ఇదే: తన వంతు పనిని మరొకరి భుజం మీదికి జారవిడవడం. కనుకనే ఆంగ్లంలో పనిని, విధిని, బాధ్యతను మాత్రమే 'షర్క్' చేస్తారు. వానను గాని, పోలీసును గాని, ఎదురొచ్చే లారీని గాని 'షర్క్' చేయడం కుదరదు. గని దగ్గర పెరిగిన పిల్లవాడికి ఈ క్రియను 'తప్పించుకొను' అని నేర్పడమంటే, అతడికి ముందే తెలిసిన జ్ఞానాన్ని అతడి చేతిలోంచి తీసివేయడమే అవుతుంది.

ఎల్యూడ్, ఎవేడ్, ఎస్కేప్ అనే మూడింటి మధ్య భేదానికి ఈ ప్రాంత చరిత్రలోనే గట్టి ఉదాహరణ ఉంది. పాలెగాండ్ల అధికారాన్ని తొలగించినందుకు బదులుగా వారి కుటుంబాలకు కుంపిణీ ప్రభుత్వం చెల్లించిన భరణాన్ని తవర్జీ అనేవారు. ఆ తవర్జీ విషయంలో తన కుటుంబానికి జరిగిన అన్యాయానికీ, కట్టుబడులు, అంటే కాపలా సేవకు ప్రతిఫలంగా ఇనాము భూములు అనుభవిస్తూ వచ్చినవారు, తమ మాన్యాలు కోల్పోవడానికీ ఎదురుతిరిగిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడిచేశాడు. ఆ తరువాత గిద్దలూరు పరిసరాల్లో వాట్సన్ అనే సైనికాధికారి నడిపిన దళంతో తలపడి, అనుచరులతో నల్లమలలోకి వెళ్లిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో పట్టుబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను బహిరంగంగా ఉరితీశారు.

జూలై నుంచి అక్టోబరు వరకు సాగిన ఆ కాలాన్ని ఆంగ్లంలో చెప్పవలసివస్తే ఏ క్రియ వాడాలన్నది భాషాప్రశ్నగా మొదలై చరిత్రప్రశ్నగా మారుతుంది. 'ఎల్యూడ్' అనే మాటకు మూలం లాటిన్‌లో 'ఆడుకొను' అనే అర్థమున్న క్రియ. వెదికేవాడు ఒకడుండడం, వెదకబడేవాడు తెలివితోనో చురుకుతోనో మళ్లీ మళ్లీ చేజారిపోవడం దాని పరిస్థితి, అందులో చేజారినవాడి పట్ల నింద లేదు, కొంత మెచ్చుకోలు కూడా ఉంది. తెలుగులో 'కళ్లుగప్పి తిరిగాడు' అన్నప్పుడు ధ్వనించే మెచ్చుకోలు అలాంటిదే. 'ఎవేడ్' అనే మాటలో తలవంచవలసిన ఒక అధికారం ముందే ఒప్పుకోబడి ఉంటుంది. అరెస్టును 'ఎవేడ్' చేశాడంటే అరెస్టు చేసే హక్కు ఎదుటివారికి ఉన్నదనీ, దానికి లొంగకపోవడం ఇతడి దోషమనీ వాక్యమే తీర్పు చెప్పేస్తుంది. కుంపిణీ పక్షాన రాసే అధికారికి ఈ రెండోది సహజమైన క్రియ, ప్రజల పక్షాన చరిత్ర రాసేవారికి మొదటిది. న్యాయస్థానాల భాషలో ఇంకొక క్రియ ఉంది, 'అబ్‌స్కాండ్', పోలీసుల తెలుగులో 'పరారీలో ఉండడం'. అది వచ్చిందంటే మనిషి నేరస్థుల జాబితాలోకి ఎక్కిపోయినట్లే.

'ఎస్కేప్' వీటికి భిన్నమైనది. పట్టుకున్నవాడి చేతిలో పైవస్త్రం మిగిల్చి మనిషి జారిపోయిన దృశ్యం ఆ మాట పుట్టుకలో ఉన్నదని పదవ్యుత్పత్తులు పరిశీలించినవారు చెబుతారు. చెర గాని, ఉచ్చు గాని, ముంచుకొచ్చిన ప్రమాదం గాని దాదాపు పట్టేసిన తరువాత బయటపడడం ఈ క్రియ చెప్పే సంగతి, పైగా అది పూర్తయిన పనిని చెబుతుంది. నరసింహారెడ్డి కుంపిణీ దళాలను నెలల తరబడి 'ఎల్యూడ్' చేశాడని రాయవచ్చు, చివరికి 'ఎస్కేప్' కాలేకపోయాడనీ రాయవచ్చు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన నల్లబల్ల మీద రాస్తే రెండు క్రియల భేదం వేరే వివరణ లేకుండానే తరగతికి అందుతుంది. తమ ఊళ్ల పేర్లు, తమ కొండ పేరు ఉన్న వాక్యాన్ని పిల్లలు మరచిపోవడం అరుదు.

అవాయిడ్, ఎవేడ్ అనే జంట మధ్య గీత ఎంత సన్ననిదో భాషావేత్తలకన్నా న్యాయమూర్తులకు ఎక్కువ తెలుసు. పన్నుల చట్టంలో 'అవాయిడెన్స్' అంటే చట్టం తెరిచి ఉంచిన దారుల్లోనే నడిచి పన్నుభారం తగ్గించుకోవడం, 'ఎవేషన్' అంటే కట్టవలసిన పన్నును దాచి ఎగవేయడం. పన్ను మినహాయింపు ఉన్న పొదుపు పథకంలో డబ్బు పెట్టడం మొదటిది, బిల్లు లేకుండా సరుకు తిప్పడం, వ్యాపారుల వాడుకలోని జీరో దందా, రెండోది. లండన్‌లో ప్రభువుల సభ 1935లో వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు ఈ గీతను చాలాకాలం నిలబెట్టింది. ఆ డ్యూక్ తన తోటమాలికి జీతంగా ఇవ్వవలసిన సొమ్మును, పన్ను లెక్కలో తగ్గింపు దొరికే విధంగా, ఒక ఒప్పందపత్రం కింద ఇచ్చే వార్షిక చెల్లింపుగా మార్చాడు. పత్రం నిజమైనదే గనుక ఆ ఏర్పాటు చెల్లుతుందని న్యాయమూర్తులు తేల్చారు.

ఆ తీర్పు ప్రభావాన్ని భారతదేశంలో ప్రశ్నించిన ప్రధానమైన వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. మద్యం తయారుచేసే మెక్‌డోవెల్ సంస్థకూ వాణిజ్య పన్నుల అధికారికీ మధ్య నడిచిన ఆ వివాదంలో, ఎక్సైజ్ సుంకాన్ని సంస్థ తాను కట్టకుండా సరుకు కొనేవారే నేరుగా ప్రభుత్వానికి కట్టే ఏర్పాటు ఉండేది, దానితో ఆ సుంకం సంస్థ అమ్మకాల మొత్తంలో చేరక, దాని మీద అమ్మకం పన్ను పడేది కాదు. సుంకం కట్టవలసిన బాధ్యత తయారీదారుదే గనుక అది అమ్మకాల మొత్తంలో భాగమేనని సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1985లో తీర్పు చెప్పింది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ రంగనాథ్ మిశ్రా, చట్టం హద్దుల్లో పన్ను ప్రణాళిక సమ్మతమే గాని ముసుగు ఏర్పాట్లు అందులోకి రావని చెప్పగా, దానితో ఏకీభవిస్తూ విడిగా తీర్పు రాసిన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మరింత ముందుకు వెళ్లి, పన్ను అవాయిడ్ చేయడాన్ని గౌరవనీయమైన విద్యగా చూసే వెస్ట్‌మినిస్టర్ కాలపు దృష్టిని విడిచిపెట్టవలసిన సమయం వచ్చిందని వాదించారు. పన్ను తగ్గించుకున్నవాడి భారం సంక్షేమం అవసరమైనవారి మీద పడుతుందన్నది ఆయన వాదనలోని సారం. పలకల గనిలో పక్కవాడి భుజం మీద పడే బరువుకూ దీనికీ పెద్ద తేడా లేదు గనుక, నిర్దోషమైన 'అవాయిడ్' అనే క్రియను ఆయన 'షర్క్' అనే క్రియకు దగ్గరగా జరిపారని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ తరువాతి తీర్పుల్లో చిన్నపరెడ్డి మాటల పదునును కోర్టులు కొంత తగ్గించి చదివినా, గీతను జరిపే పని ఆగలేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 'జనరల్ యాంటీ అవాయిడెన్స్ రూల్స్' అనే ఆదాయపు పన్ను నిబంధనలను సంక్షిప్తంగా 'గార్' అంటారు. ఆ పేరులో ఉన్నది 'ఎవేషన్' కాదు, 'అవాయిడెన్స్'. ఎగవేత ఎప్పటినుంచో నేరమే గనుక దానికి ఈ నిబంధనల అవసరం లేదు. రూపంలో చట్టబద్ధంగా కనిపిస్తూ, పన్ను లాభమే ప్రధాన ఉద్దేశమైన ఏర్పాట్లను పట్టుకోవడానికే అవి వచ్చాయి. ఒక క్రియ నిందలేని అర్థం నుంచి నిందకు తగిన అర్థం వైపు కదులుతుంటే చట్టసభ దాని వెనుకే నడవవలసివచ్చింది.

దారులకు సంబంధించిన క్రియల విషయంలో నల్లమల కన్నా మంచి పాఠశాల లేదు. కొండ అంచును పట్టుకొని, దానిలోకి దిగకుండా, దాని పొడుగునా పోవడం 'స్కర్ట్'. ఎత్తు మారకుండా కొండ పాదం వెంట వంపులు తిరిగే కాలువ చేసే పని అది. ఉన్న దారిని విడిచి వేరే దారి వేసుకొని పోవడం 'బైపాస్'. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలను దాటే రైలుమార్గం 19వ శతాబ్దం చివర మీటరుగేజీగా వచ్చినప్పుడు బొగద సొరంగం మీదుగా, దొరబావి దగ్గర లోయపై కట్టిన ఎత్తైన వంతెన మీదుగా పోయేది. 1990లలో బ్రాడ్‌గేజీగా మార్చినప్పుడు కొత్త మార్గం ఆ వంతెనను 'బైపాస్' చేసింది. పాత దారి అక్కడే మిగిలింది, బండ్లు మాత్రం దాని మీదికి పోలేదు. 'బైపాస్' అనే మాట పూర్తి అర్థంలో ఉండేది ఇదే: పక్కకు పెట్టబడినది అలాగే ఉంటుంది, ఉపయోగం మాత్రం కోల్పోతుంది. ఒక అధికారిని 'బైపాస్' చేసి పై అధికారికి అర్జీ పెట్టారన్నప్పుడు కలిగే అవమానం ఇందులోంచే వస్తుంది. 'సర్కంవెంట్' మాత్రం ఈనాడు కొండలను దాదాపు వదిలేసి నిబంధనల దగ్గర స్థిరపడింది. చుట్టూ తిరిగి రావడం దాని అసలు అర్థమైనా, ఇప్పుడు దానిలో ఉపాయంతో పాటు కొంత కపటం కూడా వినిపిస్తుంది. నిబంధన అక్షరాన్ని ముట్టుకోకుండా దాని ఉద్దేశాన్ని దాటిపోవడాన్ని చెప్పడానికి అది సరైన మాట.

పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టు వీటిలో దేనికీ లొంగదు, అందుకే అది మరో క్రియను నేర్పుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరదనీటిని 43.5 టీఎంసీల మేరకు తీసుకురావడానికి 1996లో శంకుస్థాపన జరిగిన ఈ పథకం, పెద్దపులుల అభయారణ్యమైన నల్లమలను చుట్టి రాదు, అంచు పట్టి పోదు, ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున్న జంట సొరంగాలతో కొండను తొలుచుకొని వస్తుంది. అడవి మీద కాలువ తవ్వవలసిన అవసరమే లేకుండా చేసిన ఈ పద్ధతికి ఆంగ్లంలో తగిన క్రియ 'ఆబ్వియేట్': ఇబ్బంది ఎదురయ్యాక పక్కకు తొలగడం కాదు, అది ఎదురవ్వకుండా ముందే తీసివేయడం. ఫ్లోరైడ్ కలిసిన బోరునీటితో ఎముకలు వంగిన మనుషులున్న ఈ ప్రాంతంలో ఈ భేదం పుస్తకాలకు పరిమితమైనది కాదు. ఆ నీటిని 'అవాయిడ్' చేయమని వైద్యుడు చెప్పగలడు, వేరే నీరు లేనివారికి ఆ సలహా పనికిరాదు. ఆ నీటి అవసరాన్నే 'ఆబ్వియేట్' చేయడం ప్రాజెక్టు పని, అది పూర్తిగా జరిగేదాకా ఈ క్రియను పశ్చిమ ప్రకాశం మీద భూతకాలంలో వాడడం న్యాయం కాదు.

మిగిలినవాటిలో కొన్ని శరీర కదలికల నుంచి పుట్టినవి. వేగంగా వచ్చేదానికి అడ్డంగా ఉండకుండా చటుక్కున పక్కకు దూకడం 'డాడ్జ్', తల వంచి తప్పుకోవడం 'డక్', ఒక అడుగు పక్కకు వేయడం 'సైడ్‌స్టెప్'. విలేకరుల ప్రశ్నల విషయంలో నాయకులు ఈ మూడూ చేస్తారు, ఆ మూడింటికీ తెలుగులో దాటవేత అంటే సరిపోతుంది. 'ఎస్చూ' అంటే ఒక నియమంగా మానుకోవడం, మద్యాన్నో ఆడంబరాన్నో. 'షన్' అంటే మనిషిని దగ్గరకు రానీయకపోవడం. ఈ చివరి క్రియ పాఠంలో వచ్చినప్పుడు దానికి 'దూరంగా ఉండు' అని మెత్తని అర్థం చెప్పి ముందుకు సాగిపోవడం సరికాదు. వెలివేత అనే మాట, దాని వెనుక ఉన్న కులం, కట్టుబాటు, నీళ్ల దగ్గరా కొట్టు దగ్గరా మనిషిని వేరుచేసిన తీరు తెలుగు పల్లెలకు తెలిసినవే గనుక, ఆ బరువుతోనే ఈ క్రియను పిల్లలకు చెప్పాలి.

అర్థం తెలిసినా వాక్యనిర్మాణం దగ్గర దెబ్బతినే చోట్లు రెండు ఉన్నాయి. మొదటిది, 'అవాయిడ్' తరువాత మరో క్రియ వస్తే దానికి 'ఇంగ్' చేరాలి, 'టు' చేరకూడదు. తెలుగులో 'వెళ్లకుండా తప్పించుకున్నాడు' అని వ్యతిరేక రూపం వస్తుంది గనుక విద్యార్థి ఆంగ్లంలో కూడా 'నాట్' చేర్చి అర్థాన్నే తలకిందులు చేస్తాడు. 'వెళ్లడం మానుకున్నాడు' అనే తెలుగు వాక్యాన్ని ముందు పెడితే ఈ తప్పు చాలావరకు పోతుంది, ఎందుకంటే 'వెళ్లడం' అనే క్రియాజన్య నామవాచకం, అంటే క్రియ నుంచి పుట్టి పేరుగా పనిచేసే మాట, 'గోయింగ్' అనే రూపానికి సరిగ్గా సరిపోతుంది. రెండోది, 'ఎల్యూడ్' కర్తగా మనిషి కాక నిద్రో, విజయమో, ఒక పేరో రావడం. ఆంగ్లంలో నిద్ర మనిషిని 'ఎల్యూడ్' చేస్తుంది, తెలుగులో మనిషికి నిద్ర పట్టదు, పేరు గుర్తుకు రాదు, గెలుపు అందదు. తెలుగు ఇలాంటిచోట మనిషిని 'కు' విభక్తిలో నిలబెట్టి అనుభవించేవాడిగా చూపుతుంది, ఆంగ్లం అతడిని వెంటపడి అందుకోలేకపోయినవాడిగా చూపుతుంది. ఈ రెండు చూపులూ విడివిడిగా విద్యార్థికి కనిపించాలి, ఒకదానిని మరొకదానిలోకి లాగితే రెండూ చెడిపోతాయి.

పదాల పట్టికకు బదులు పరిస్థితుల పట్టికతో ఈ క్రియలను బోధించిన తరగతిలో వాదన తప్పదు, ఆ వాదనే కావలసినది. ఎన్నికల విధి పడిన ఉద్యోగి నిజంగానే జబ్బుపడి సెలవు పెడితే ఈ క్రియల్లో ఏదీ అతడికి వర్తించదు, జబ్బు నటించి సెలవు పెడితే 'షర్క్' అనాలా 'ఎవేడ్' అనాలా అన్నది చర్చించవలసినదే. విధి నుంచి మినహాయింపు ఉన్న శాఖకు ముందే బదిలీ చేయించుకుంటే 'అవాయిడ్' అనాలా, 'సర్కంవెంట్' అనాలా అన్నప్పుడు ఉపాధ్యాయుల మధ్యే రెండు పక్షాలు ఏర్పడతాయి. నిబంధన అతడిని వదిలేసింది గనుక మొదటిదని ఒక పక్షం, బదిలీ ఉద్దేశమే విధిని తప్పించుకోవడం గనుక రెండోదని మరో పక్షం. వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ తోటమాలి జీతం మీద న్యాయమూర్తులు వాదించుకున్నది కూడా సరిగ్గా ఈ ప్రశ్న మీదనే.